గల్లీ నీళ్ల పద్దు: ముప్పై ఇళ్లకు ఎండాకాలం ప్రణాళిక వేసే పద్ధతి

మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా అంచున దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్‌లలో ఉంటున్న తెలుగువాళ్లు సంక్రాంతి దాటగానే అడిగే ప్రశ్న ఒకటే: "మా గల్లీలో ఇంకో బోరు వేయించాలా?" పద్దు రాయకుండా దానికి జవాబు చెప్పలేం. ఎన్ని నీళ్లు వస్తున్నాయో, ఎన్ని పోతున్నాయో తెలియకుండా వేసే బోరు చాలాసార్లు పక్క బోరు నీళ్లనే పంచుకుంటుంది. కింద చెప్పిన వరుస మార్చకండి. కొలవడం, కారడం ఆపడం, వాడిన నీళ్లు మళ్లీ వాడడం, వాన నీళ్లు దాచడం, మిగిలింది నేలలోకి పంపడం. బోరు వీటన్నిటి తర్వాత.

లెక్కలన్నీ 30 ఇళ్లు, 150 మంది ఉన్న గల్లీకి వేశాం. మీ గల్లీ అంకెలు వేసి మార్చుకోండి.

1. దగ్గర పెట్టుకోవాల్సినవి

- 20 లీటర్ల బకెట్, సెకన్లు చూపే ఫోను
- 30 మీటర్ల టేపు, కొసకు కట్టడానికి బరువు
- 200 పేజీల నోటుబుక్కు ఒకటి, గల్లీ మొత్తానికి
- క్లోరిన్ చూసే ఓటీ ద్రావణం సీసా
- ప్రతి పది ఇళ్లకు కొలతలు రాసే మనిషి ఒకరు

రాసే పని ఒక్కరి మీదే పెడితే మార్చి నాటికి నోటుబుక్కు మూలన పడుతుంది. ముగ్గురుండాలి. కొలిచే తేదీ కూడా మారకూడదు, ప్రతి నెలా 5వ తేదీ అనుకుంటే 5వ తేదీనే.

2. ఖర్చు రాయండి

మనిషికి రోజుకు కావలసింది ఇలా వేసుకోవచ్చు:

- తాగడానికి, వంటకు: 8 లీటర్లు
- స్నానానికి: 20
- బట్టలకు: 15
- గిన్నెలకు: 10
- మరుగుదొడ్డికి: 20
- ఇల్లు తుడవడం, మిగతావి: 7

మొత్తం 80 లీటర్లు. భూగర్భ మురుగు వ్యవస్థ ఉన్న పట్టణాలకు కేంద్ర ప్రమాణం మనిషికి 135 లీటర్లు, కుళాయిలున్నా అలాంటి మురుగు వ్యవస్థ లేని పట్టణాలకు 70. నాలుగు రోజులకోసారి నల్లా వచ్చే చోట 135 మీద ప్రణాళిక వేస్తే అది కాగితం మీదే ఉంటుంది. 80 నిలబడే అంకె.

150 మందికి రోజుకు 12,000 లీటర్లు. వానలు ఆగే అక్టోబరు 15 నుంచి మృగశిర కార్తె దాకా సుమారు 240 రోజులు. అంటే 28 లక్షల 80 వేల లీటర్లు. ఈ అంకెను నోటుబుక్కు మొదటి పేజీలో రాయండి.

3. రాబడి కొలవండి

నల్లా: నీళ్లు వదిలిన రోజు బకెట్ నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో మూడుసార్లు చూడండి. మొదట్లో, మధ్యలో, ఆపబోయే ముందు. 20 లీటర్ల బకెట్ 80 సెకన్లలో నిండితే నిమిషానికి 15 లీటర్లు. గల్లీ మొదటి ఇల్లు, నడిమి ఇల్లు, చివరి ఇల్లు, మూడు చోట్లా కొలవాలి. చివరి ఇంటి అంకె మొదటి ఇంటిదానిలో సగానికన్నా తక్కువైతే తప్పు పైపులో ఉంది. అది నగర పరిషత్‌కు ఇచ్చే అర్జీలోకి వెళ్తుంది.

బోరు: స్విచ్ వేసిన మొదటి పది నిమిషాల ధార చూసి మురిసిపోవద్దు. అది బోరు గొట్టంలో నిలిచిన నీరు. అరగంట నడిచాక కొలిచిందే అసలు రాబడి. ఎన్ని గంటలు ఆగకుండా ఇస్తుంది, ఆగాక మళ్లీ ఎన్ని గంటలకు కోలుకుంటుంది, ఈ రెండూ రాయాలి.

బావి: గట్టు మీద రంగుతో ఒక గుర్తు పెట్టి, ప్రతిసారీ అక్కడినుంచే టేపు దించండి. కొలిచే రోజు తోడే ముందు, తెల్లవారుజామున కొలవాలి. సాయంత్రం తోడాక కొలిస్తే మట్టం దిగినట్టు కనబడి లెక్క తప్పుతుంది.

4. తేడా తీయండి

ఇల్లుకు నాలుగు రోజులకోసారి 1,000 లీటర్లు దిగుతున్నాయనుకోండి. గల్లీకి రోజుకు 7,500. ఇందులో ఇంటికి 30 లీటర్ల చొప్పున కారిపోతే 900 పోయి 6,600 మిగులుతాయి. కావలసింది 12,000. లోటు 5,400. రోజుకో 5,000 లీటర్ల టాంకరు తెప్పించినా పూర్తిగా తీరదు.

ఇప్పుడు వరుసగా తగ్గించండి:

- కారడం ఆపితే 900 తగ్గి లోటు 4,500
- బట్టలు ఉతికిన నీళ్లు మరుగుదొడ్డికి వాడితే 2,250 తగ్గి లోటు 2,250
- ఏప్రిల్ 1 నుంచి తాగడానికి దాచిన వాన నీళ్లు తీస్తే 1,200 తగ్గి లోటు 1,050
- నీరసించిన బోరు ఎండల్లో రోజుకు 1,000 ఇచ్చినా మిగిలే లోటు 50

కొత్తగా ఒక్క అడుగు తవ్వకుండానే ఇంత దూరం వచ్చాం. ఏప్రిల్‌కు ముందు వాన నీళ్ల ట్యాంకు మూత తీయం కాబట్టి ఆ 1,200 బోరు, బావి ఇవ్వాలి. అప్పటికి వాటిలో ఇంకా ఊట ఉంటుంది.

రెండో వరుస కూడా రాయండి. అందులో నల్లా ఎనిమిది రోజులకోసారే వస్తుందని వేసుకోండి. అప్పుడు నల్లా రాబడి 3,750. పై పొదుపులన్నీ చేసినా రోజుకు 3,800 లోటు, అంటే నాలుగు రోజులకు మూడు టాంకర్లు. ఈ సంగతి జనవరిలోనే తెలిస్తే డబ్బు ముందే జమ చేసుకోవచ్చు. ఏప్రిల్ నెలాఖరున తెలిస్తే టాంకరువాడు చెప్పిందే ధర.

5. కారడం ఆపండి

రాత్రి పది గంటలకు పై ట్యాంకు నింపి, కుళాయిలన్నీ కట్టి, నీటి మట్టం దగ్గర గీత పెట్టండి. తెల్లవారి ఐదింటికి చూడండి. 1,000 లీటర్ల గుండ్రటి ట్యాంకులో ఒక సెంటీమీటరు దిగిందంటే 9–10 లీటర్లు పోయినట్టు.

దిగితే మొదట అనుమానించాల్సింది మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకును. అందులో బట్టల నీలిమందు నాలుగు చుక్కలు వేసి అరగంట ముట్టుకోకండి. కింద గిన్నెలో నీలం కనిపిస్తే లోపలి రబ్బరు బిళ్ల అరిగింది. అది మార్చడం చిన్న ఖర్చు.

మరో పెద్ద నష్టం సంపు పొంగడం. నల్లా అర్ధరాత్రి వస్తుంది, ఎవరూ లేవరు, నిండిన సంపు పొంగి మోరీలో పడుతుంది. ప్రతి సంపుకూ నిండగానే దానంతట అదే మూసుకునే బాల్ వాల్వు ఉండాలి. ముప్పై ఇళ్లలో ఎన్నింటికి లేదో తిరిగి చూసి రాయండి.

నల్లాకు నేరుగా మోటారు పెట్టడం గురించి గట్టిగా చెప్పాలి. నీళ్లు రాని మూడు రోజులూ వీధి పైపు ఖాళీగా ఉంటుంది. అతుకుల దగ్గర పగుళ్లుంటే పక్క మోరీ నీరు అందులోకి దిగుతుంది. మోటారు పెట్టి లాగితే ఆ మురుగు ఇంకా బలంగా లోపలికి వస్తుంది, చివరి ఇళ్లకు ధార పోతుంది. గల్లీ అంతా ఒకే రోజు మోటార్లు తీసేయడమే దీనికి మందు. ఒక్కరు ఉంచుకున్నా మిగతావాళ్లు మళ్లీ పెట్టుకుంటారు. నల్లా వచ్చిన మొదటి పది నిమిషాల నీళ్లు తాగే బిందెలోకి పట్టకుండా, తుడవడానికి పట్టుకోండి.

6. వాడిన నీళ్లు

బట్టలు ఉతికిన, జాడించిన నీళ్లను మూత ఉన్న డ్రమ్ములో పోసి మరుగుదొడ్డి దగ్గర పెట్టండి. మనిషికి 15 లీటర్లు ఇలా తిరిగివస్తాయి. అదే రోజు వాడేయాలి, రెండో రోజుకు వాసన వస్తుంది.

గిన్నెలు కడిగిన నీళ్లలో నూనె ఉంటుంది, దాచొద్దు. ఆర్వో యంత్రం వదిలే నీళ్లు తుడవడానికి, మరుగుదొడ్డికి పనికొస్తాయి. ఏడాది పొడవునా కుండీ మొక్కలకు పోస్తే మాత్రం మట్టిలో ఉప్పు పేరుకుంటుంది.

7. వాన నీళ్ల ట్యాంకు: ఏప్రిల్ కోసం సెప్టెంబరులో నింపేది

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 60 చదరపు మీటర్ల స్లాబుకు 500 మి.మీ. కరువు వాన వేసుకున్నా, ఇరవై శాతం తరుగు తీసేస్తే 24,000 లీటర్లు. ఈ జిల్లాలో మామూలు ఏడు ఇంతకన్నా చాలా ఎక్కువే పడుతుంది. అయినా కరువు ఏడు అంకె మీదే లెక్క వేయండి.

అన్ని నీళ్లూ దాచే చోటు ఎవరికీ లేదు, అవసరమూ లేదు. ఐదుగురున్న ఇంటికి తాగడానికి, వంటకు రోజుకు 40 లీటర్లు. 3,000 లీటర్ల ట్యాంకు 75 రోజులు వస్తుంది. ఏప్రిల్ 1న మూత తీస్తే జూన్ రెండో వారం దాటుతుంది. ట్యాంకు కొలత ఇలా వచ్చింది. 10,000 లీటర్ల ట్యాంకు కొని సగం ఖాళీగా ఉంచుకునేకన్నా ఇదే మేలు.

*అమర్చే వరుస*

స్లాబు వాలు ముందు చూడండి. రెండు బకెట్ల నీళ్లు పోసి అవి గొట్టం వైపు పారుతున్నాయో లేదో గమనించండి. మడుగు కట్టే చోట సిమెంటుతో వాలు ఇవ్వాలి.

దించే గొట్టం 4 అంగుళాలు. గంటకు 100 మి.మీ. చొప్పున దంచే వానలో ఒక్కో గొట్టం సుమారు 40 చదరపు మీటర్లను మోస్తుంది. 60 చదరపు మీటర్ల స్లాబుకు రెండు కావాలి. ఒక్కటే పెడితే ఉరుముల వానలో నీళ్లు పిట్టగోడ మీదుగా పోతాయి.

తర్వాత తొలి నీటి గొట్టం. వాన మొదటి ఒక మిల్లీమీటరుతో దుమ్ము, పావురాల రెట్ట అంతా కొట్టుకొస్తాయి. 60 చదరపు మీటర్లకు అది 60 లీటర్లు. 4 అంగుళాల గొట్టం మీటరుకు 8–9 లీటర్లే పడుతుంది, ఏడు మీటర్లు కావాలి. గోడకు అంత ఎత్తుండదు. 6 అంగుళాల గొట్టమైతే మీటరుకు 18 లీటర్లు, మూడు మీటర్ల పైచిలుకు చాలు. అడుగు మూతకు 3 మి.మీ. రంధ్రం పెడితే వాన ఆగాక దానంతట అదే ఖాళీ అవుతుంది. ఈ రంధ్రం చెత్తతో మూసుకుపోవడమే అందరికీ ఎదురయ్యే తప్పు. గొట్టం నిండే ఉంటే తర్వాతి వాన మురికంతా నేరుగా ట్యాంకులోకి పోతుంది. నెలకోసారి మూత విప్పి కడగాలి.

ట్యాంకు నేల మీదే. 3,000 లీటర్లంటే మూడు టన్నుల బరువు, పాత స్లాబు మీద పెట్టొద్దు. గట్టి నేల మీద ఇసుక పరిచి, సమం చేసి పెట్టండి. నల్లటి ట్యాంకు, వెలుతురు చొరని మూత, వచ్చే గొట్టానికీ పొంగే గొట్టానికీ దోమల జాలీ.

*నింపే వరుస*

- తొలి రెండు వానలు: మొత్తం బయటికి వదలండి
- జూన్ నుంచి ఆగస్టు: నింపండి, వాడండి, మళ్లీ నింపండి
- సెప్టెంబరు 1: ఖాళీ చేసి లోపల కడగండి, ఇంకా వానలుంటాయి
- హస్త కార్తె నాటికి: నింపి, క్లోరిన్ వేసి, మూత బిగించండి
- ఏప్రిల్ 1: తీయండి

సెప్టెంబరు మొదట్లో ఖాళీ చేయడానికి చాలామంది భయపడతారు. ఆగస్టు నెలంతా సరిగ్గా కురవని ఏడు ఆ భయం న్యాయమే. అప్పుడు కడగకుండా ఉన్న నీళ్లే ఉంచుకోండి.

8. మిగిలిన వానను నేలలోకి

ఇక్కడ మెలకువ కావాలి, ఎందుకంటే ఈ నేల తీరు వేరు. పైన నల్లరేగడి, కింద మొరం, దాని కింద నల్ల రాయి. నీరు నిలిచేది మొరంలో, రాయి పగుళ్లలో. గట్టి రాయి చుక్క కూడా పట్టదు. రేగడి తడిస్తే ఉబ్బి పగుళ్లు మూసుకుంటుంది, నీరు కిందికి దిగదు. రేగడిలోనే గుంత తవ్వి రాళ్లు నింపితే అది దోమల కుంట అవుతుంది. గుంత అడుగు మొరాన్ని తాకి తీరాలి.

*ఇంకుడు పరీక్ష*: అనుకున్న లోతులో ఒక అడుగు వెడల్పు చిన్న గుంత తీసి నీళ్లు నింపి రాత్రంతా నాననివ్వండి. పొద్దున ఆరు అంగుళాల నీళ్లు పోసి, ఒక అంగుళం దిగడానికి ఎన్ని నిమిషాలో చూడండి. 30 లోపైతే తవ్వండి. గంట దాటితే ఆ చోటు వదిలేయండి.

*గుంత*: పొడవు, వెడల్పు, లోతు 1.5 మీటర్ల చొప్పున. అడుగున పిడికిలంత నుంచి కొబ్బరికాయంత రాళ్లు, మధ్యలో 5–10 మి.మీ. కంకర, పైన ముతక ఇసుక. మూడూ సమానం. ఇసుకకు, కంకరకు మధ్య నైలాన్ జాలీ వేస్తే శుభ్రం చేసేటప్పుడు పై పొర ఒక్కటే తీయొచ్చు.

ఈ గుంత ఖాళీగా 3,375 లీటర్లు పడుతుంది, రాళ్లు నింపాక సుమారు 1,200. అందుకే ఒక గుంతకు మూడు ఇళ్లకు మించి కలపొద్దు, పొంగే గొట్టం తప్పక పెట్టాలి.

గల్లీలో పాత బావి ఉంటే అదే మీ ఆస్తి. గుంతను బావికి 3 మీటర్ల దూరంలో కట్టి, అడుగునుంచి 4 అంగుళాల గొట్టంతో వడకట్టిన నీళ్లు బావిలోకి వదలండి. గొట్టం కొసను నీటి మట్టం దగ్గరిదాకా దించాలి. పైనుంచి పడితే గోడ రాళ్లు కదులుతాయి.

బావి పూడిక మే నెలలో తీయించండి. మనిషి దిగే ముందు గంటసేపు గాలి కొట్టాలి, నడుముకు తాడు కట్టాలి, గట్టు మీద ఇద్దరుండాలి. దీపం దించి ఆరలేదని దిగడం సరిపోదు. దీపం ఆరని విషవాయువులూ ఉంటాయి.

ఇవి ఉన్నచోట నేలలోకి వదలొద్దు:

- 15 మీటర్ల లోపు సెప్టిక్ ట్యాంకు గాని, మరుగుదొడ్డి గుంత గాని ఉంటే
- మోరీ నీరు వానలో గుంత మీదికి పొంగితే
- దుకాణాల ముందు నూనె, రంగులు కడిగిన నీరు కలిసే చోట

ఇరుకు గల్లీల్లో 15 మీటర్లు దొరకడం కష్టం. దొరకకపోతే ఆ ఇల్లు ట్యాంకుతోనే ఆగాలి. వడకట్టని నీటిని నేరుగా బోరు గొట్టంలోకి వదిలే పని ఎక్కడా చేయొద్దు. ఒక్క వర్షాకాలంలో పగుళ్లన్నీ ఒండ్రుతో మూసుకుపోతాయి, మళ్లీ తెరుచుకోవు.

9. బోరు వేయాలనే తేలితే

నల్ల రాయిలో లోతుకు పోయినకొద్దీ నీళ్లు పెరుగుతాయన్న నమ్మకం లేదు. మొరం, పగుళ్ల పొర దాటాక వందల అడుగులు గట్టి రాయే రావొచ్చు. మహారాష్ట్ర భూగర్భ జలాల చట్టం 60 మీటర్లు దాటినదాన్ని లోతు బావిగా లెక్కిస్తుంది. రిగ్గు పిలిచే ముందు నాందేడ్‌లోని భూజల సర్వేక్షణ కార్యాలయంలో మీ ప్రాంతం గురించి అడగండి. గల్లీ బావుల నెలవారీ మట్టాల నోటుబుక్కు వెంట తీసుకెళ్తే వాళ్లూ సూటిగా మాట్లాడగలుగుతారు.

10. తాగేముందు

బోరు నీళ్లకు ఏడాదికి రెండుసార్లు ప్రయోగశాల పరీక్ష, మే నెలలో, అక్టోబరులో. చూడాల్సిన హద్దులు లీటరుకు: ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము, ఇంకో దారి లేనప్పుడు 1.5 దాకా. నైట్రేట్ 45. కరిగిన లవణాలు 500, దారి లేకపోతే 2,000 దాకా. కిన్వట్ వైపు ఫ్లోరైడ్ సంగతి తప్పక చూడాలి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, ఇంకా చిక్కబడుతుంది. అలాంటి చోట సెక్షన్ 7లోని ట్యాంకు పిల్లల ఎముకలకూ, పళ్లకూ రక్ష.

టాంకరు నీళ్లకు, దాచిన వాన నీళ్లకు టీసీఎల్ (బ్లీచింగ్) పొడి 1,000 లీటర్లకు 4–5 గ్రాములు. పొడిని నేరుగా చల్లొద్దు. బకెట్ నీళ్లలో కలిపి పది నిమిషాలు తేరనిచ్చి, పై తేట మాత్రమే పోయండి. అరగంట తర్వాత ఓటీ చుక్కలు వేస్తే లేత పసుపు రావాలి, అంటే లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్. రాకపోతే పొడి పాతబడింది. మూత తీసి ఉంచిన పొడి బలం త్వరగా పోతుంది, చిన్న పొట్లాలే కొనండి.

నాలుగు రోజుల నిల్వ అంటే డెంగీ దోమకు ఇల్లు. గుడ్డు నుంచి దోమ రావడానికి వారం, పది రోజులు. వారంలో ఒక రోజు గల్లీ అంతా డ్రమ్ములు ఖాళీ చేసి, లోపలి గోడలు రుద్ది, ఎండబెట్టాలి. మరాఠీలో కోరడా దివస్ అనేది ఇదే. నల్లా వచ్చే ముందు రోజు పెట్టుకుంటే నీళ్లు వృథా కావు.

11. నగర పరిషత్‌కు అర్జీ

అర్జీ మరాఠీలో రాయండి, గల్లీవాళ్లకు చదవడానికి తెలుగు ప్రతి వేరే ఉంచండి. ముఖ్యాధికారి పేరున ఇచ్చి, ఒక ప్రతి మీద ఆవక్ ముద్ర (అందినట్టు వేసే ముద్ర) వేయించుకోండి. మీ నగరసేవక్‌కూ (వార్డు కౌన్సిలర్‌కు) ఒకటి ఇవ్వండి. "నీళ్లు రావట్లేదు" అని రాస్తే జవాబు రాదు. ఇలా రాయండి:

- ఏ తేదీన ఎన్నింటికి వచ్చింది, ఎంతసేపు, గత రెండు నెలలది
- మొదటి, నడిమి, చివరి ఇంటి ధార
- కారుతున్న వాల్వులు, అతుకులు, ఏ ఇంటి ముందు
- మోరీలోంచి పోతున్న నల్లా పైపులు ఎన్ని
- అడిగేది ఒక్కటే: ఫలానా వాల్వు మార్చండి, లేదా నీళ్లు వదిలే వేళ ఖాయం చేయండి

12. ఏడాది పట్టిక

- జనవరి: ఖర్చు, రాబడి కొలత, రెండు వరుసల లోటు
- ఫిబ్రవరి: రాత్రి ట్యాంకు కారడం పరీక్ష, బాల్ వాల్వులు, అర్జీ
- మార్చి: బట్టలు ఉతికిన నీళ్ల డ్రమ్ములు, టాంకరు డబ్బు జమ
- ఏప్రిల్: వాన నీళ్ల ట్యాంకు తెరవడం
- మే: బావి పూడిక, గుంతల ఇసుక కడగడం, స్లాబు ఊడ్వడం, బోరు నీటి పరీక్ష
- జూన్: తొలి రెండు వానలు వదలడం
- సెప్టెంబరు: ట్యాంకు కడిగి చివరిసారి నింపడం
- అక్టోబరు 15: కొత్త పద్దు మొదలు, బావి మట్టం కొలత, బోరు నీటి రెండో పరీక్ష

ధర్మాబాద్ వైపు గోదావరి ఒడ్డున ఉన్నవాళ్లు మరో తేదీ రాసుకోవాలి. 2013 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం బాభళీ ఆనకట్ట గేట్లు జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా ఎత్తే ఉంచాలి. నిల్వ మొదలయ్యేది 29న. మార్చి 1న 0.6 టీఎంసీ దిగువకు వదలాలి. అక్టోబరు నెలాఖరుకు నదిలో పారకం సన్నగిల్లితే ఆనకట్ట నిండినట్టు లెక్క వేసుకోకండి. ఆ ఏడు నవంబరు 5న కొలిచిన బావి మట్టం మీదే, నల్లా ఎనిమిది రోజుల వరుసలోనే పద్దు రాయండి.